యంత్రం నోట్లో ఆగిన మాట

హెల్లెవి రోజూ పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకి వచ్చేది. బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, ఉన్ని మేజోళ్ళతోనే నడుచుకుంటూ వెళ్ళి కాఫీ పెట్టేది. కాఫీ దిగేలోపు కంప్యూటర్లో ఒకే ఒక్క ఫైలు తెరిచి చూసేది. అది ఖాళీగా ఉంటే చేతులు కట్టుకుని, తల వంచి, పెదవులు కదిలీ కదలనట్టుగా, "అందరూ క్షేమంగా లేచారు, నీకు స్తోత్రం" అనేది. ఆ తర్వాతే కోటు విప్పేది.

నేను ఇంటింటికీ తిరిగే నర్సుని. ముసలివాళ్ళ ఇళ్ళ తాళంచెవులు ఆ ఆఫీసులోనే ఉండేవి కాబట్టి రోజూ అక్కడికి వెళ్ళేదాన్ని. నేను వచ్చేసరికి నా కప్పు కూడా వేడినీళ్ళతో కడిగి, పక్కన ఏలకుల బన్ను ముక్క పెట్టి ఉండేది. ఎవరు పెట్టారని అడిగితే హెల్లెవి కిటికీలోంచి బయటకి చూసేది.

మా ఊరు కుర్కిలహ్తిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మెడలో ఒక బటన్ వేలాడదీస్తాం. కాలు జారినా, గుండె పట్టేసినా అది నొక్కితే చాలు. ఊళ్ళో చాలామందికి కొత్త రకం బటన్లు వచ్చేశాయి, వాటి సంగతి పట్నంలో ఎవరో చూసుకుంటారు. సముద్రం ఒడ్డున దూరదూరంగా ఉండే కొద్ది ఇళ్ళలో మాత్రం కొత్తవి పనిచెయ్యవు. వాళ్ళ పిలుపులన్నీ హెల్లెవి ఎప్పుడో రాసిన పాత ప్రోగ్రాంకే చేరేవి. అది నా జేబులో ఫోను మోగించేది. ఒడ్డు దారిలో నా ఫోనుకి సిగ్నల్ ఉండదు కాబట్టి, అందకపోతే అందేదాకా మోగిస్తూనే ఉండమని దానికి చెప్పి పెట్టింది.

ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుందట. అది లోపల ఎంతదాకా వచ్చిందో తెలియడానికి, దారి పొడుగునా దాని చేత చిన్న చిన్న మాటలు పలికిస్తారు. మిగతావాళ్ళు 'ఇక్కడ ఒకటి', 'ఇక్కడ రెండు' అని రాసుకుంటారు. విసుగొస్తే బూతులు కూడా రాస్తారని ఇల్పో చెప్పాడు. ఇల్పో ఆ ఆఫీసుకి పెద్ద, హెల్లెవి కంటే వయసులో బాగా చిన్న. హెల్లెవి మాత్రం పూర్తి వాక్యాలు రాసేది. 'విన్నాను. బటన్ నొక్కినవారు ఫలానా.' 'నర్సుకి చెప్పాను.' 'నర్సుకి చెప్పబోయాను. ఫోను అందలేదు.' అన్నిటికీ అడుగున, ప్రోగ్రాం ఎన్నడూ చేరకూడని ఒక మూల, ఇంకో వాక్యం కూడా రాసిపెట్టింది. 'ఇక్కడికి నేను రాకూడదు. వచ్చాను.' అలాంటి మాట ఒకటి రాసి వదిలేయడం వాళ్ళలో మామూలేనట. దాన్ని ఎవరూ ఎప్పుడూ చూడరు.

ఇల్పో ఆటపట్టించేవాడు. "నీ ప్రోగ్రాం బడిపంతులమ్మలా మాట్లాడుతుంది, హెల్లెవి. 'అందలేదు' అని అంత నెమ్మదిగా చెబితే ఎవరికి వినబడుతుంది?"

"అరిస్తే మాత్రం వినబడుతుందా?" అనేది ఆవిడ.

ఆ మాటకి ఒక అర్థం ఉంది. ఏ ప్రోగ్రాంకైనా మాట్లాడటానికి రెండు దారులుంటాయట. మామూలు మాటలకి ఒకటి, ఆపద మాటలకి ఇంకొకటి. ఆపద దారిలో వచ్చినవి వాళ్ళ తెరల మీద ఎర్రటి అక్షరాల్లో పడేవి. హెల్లెవికి ఆ ఎరుపు గిట్టదు. వాళ్ళ నాన్న ఇంట్లో కేకలేసే మనిషి అని ఒకసారి నాతో అంది. అందుకని తన ప్రోగ్రాం మంచీ చెడ్డా అన్నీ మామూలు దారిలోనే, ఒకే గొంతుతో చెప్పేది. ఆవిడ బల్ల పక్కన ఒక పాత తెర ఉండేది. దాని మీద ఆ వాక్యాలు పుట్టినవి పుట్టినట్టు ఒక్కొక్కటిగా పడుతుంటే ఆవిడ ఓరకంట చూస్తూ అల్లిక అల్లుకునేది.

మంచు కరిగే రోజుల్లో ఆఫీసు నది పక్కనుంచి పాత పాలకేంద్రం భవనంలోకి మారింది. గోడలకి ఇంకా పులిసిన పాల వాసన ఉండేది. ఆ సామాను మార్పిడిలో పాత తెరని పారేశారు. హెల్లెవి తన ప్రోగ్రాం మాటలు ఒక ఫైల్లో పడేట్టు మార్చింది. పొద్దున్నే తెరిచి చూసేది ఆ ఫైలునే. అది వసంతంలో ఖాళీగా ఉంది, వేసవిలో ఖాళీగా ఉంది. ఒడ్డు వాళ్ళు పౌరుషం గల మనుషులు, చెయ్యి విరిగినా బటన్ నొక్కరు. కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

ఆగస్టు చివర్లో సైమా హారనెన్ పోయింది. నేను బూట్లు విప్పుకోవడానికి తన తలుపు పక్కన ఎప్పుడూ ఒక చిన్న పీట వేసి ఉంచే మనిషి. ఆ రోజు నేను వెళ్ళేసరికి ఆ పీట పక్కనే, గుడ్డపేలికల చాప మీద పడుంది. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. బటన్ మెడలో లేదు, గుప్పిట్లో ఉంది. గుండె ఆగిందనీ, ఏమీ తెలియకుండా క్షణంలో పోయుంటుందనీ డాక్టరు అన్నాడు.

ఆవిడ చెల్లెలు ఇర్యా చర్చి మెట్ల మీద హెల్లెవిని ఒకే ఒక్క మాట అడిగింది. "మా అక్క పిలిచిందా?"

గుప్పిట సంగతి హెల్లెవికి నేను ముందే చెప్పి ఉన్నాను. ఆవిడ ఆఫీసుకి వెళ్ళి, ఫైలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసొచ్చింది. అప్పుడు చెప్పింది: "పిలవలేదు ఇర్యా. పిలిచి ఉంటే ప్రోగ్రాం ఒక మాట రాసి ఉండేది."

ఇర్యా ముఖంలో బిగువు సడలింది. అక్క బటన్ తెచ్చి హెల్లెవి చేతిలో పెట్టింది. హెల్లెవి దానిలోంచి బ్యాటరీ తీసేసి, రెండింటినీ బల్ల సొరుగులో పెట్టింది. ఆ గుప్పిట మాత్రం నా కళ్ళముందు నుంచి పోలేదు. పీట ఉన్న వేరే ఇళ్ళకి వెళ్ళినా గుర్తొచ్చేది.

అక్టోబరులో ఒక పొద్దున సముద్రం మీదనుంచి పొగమంచు ఊళ్ళోకి వచ్చేసింది. ఒడ్డు దారిలో కారు నడుపుకుంటూ వస్తుంటే నా దీపాల వెలుగు నాకే తిరిగొచ్చి కొట్టింది. ఆఫీసు తలుపు తీశాను. కాఫీ మాడిన వాసన. బల్ల మీద నా కప్పు లేదు. హెల్లెవి కోటు విప్పకుండా కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. ఒక కాలికి బూటు కూడా అలాగే ఉంది.

"ఐలీ, ఇలా రా. నేను చదువుతున్నది నువ్వు కూడా చదువు," అంది.

ఫైలు ఖాళీగా లేదు. తెర నిండా వాక్యాలున్నాయి. కొన్ని నేను ఆ వేసవిలో అందుకుని, హెల్లెవికి చెప్పకుండానే చూసుకొచ్చిన చిన్న చిన్న పిలుపులే. ఆ తర్వాత ఇలా ఉంది.

విన్నాను. బటన్ నొక్కినవారు సైమా హారనెన్.
నర్సుకి చెప్పబోయాను. ఫోను అందలేదు.
ఇక్కడికి నేను రాకూడదు. వచ్చాను.
విన్నాను. బటన్ నొక్కినవారు సైమా హారనెన్.

అదే మళ్ళీ. దాని కింద మళ్ళీ.

ఫైలు మారిన వేళ చూడమంది హెల్లెవి. అప్పుడే, ఆ పొద్దునే, ఆవిడ గుమ్మంలో బూటు విప్పుకుంటుండగా మారింది. అప్పటిదాకా అది ఖాళీయే. సైమాని మట్టిలో పెట్టి వారాలు గడిచిపోయాయి.

ఇల్పో వచ్చాడు. తలుపు దగ్గర ఏదో జోకు మొదలుపెట్టి, మా ముఖాలు చూసి ఆపేశాడు. చదివాడు. చదివి, గొంతు తగ్గించి, ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారని నన్ను అడిగాడు. ఎవరూ లేరన్నాను. కిటికీ తెరలు కూడా తీసేశారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అటు చూడకుండా వెళ్తున్నాను.

"మరి బటన్?"

హెల్లెవి సొరుగు లాగింది. బటన్ అక్కడే ఉంది. బ్యాటరీ పక్కన వేరుగా ఉంది. ముగ్గురం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. అది దానంతటదే కదులుతుందేమో అనిపించింది నాకు, సిగ్గుపడకుండా చెబుతున్నాను. మనసులో ప్రభువు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మర్చిపోయాను. పక్క గదిలో యంత్రాల ఫ్యాన్ల రొద ఎప్పుడూ ఉండేదే, ఆ పొద్దున మాత్రం ఎవరో పళ్ళ మధ్యనుంచి ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది.

ఇల్పో గట్టిగా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇదంతా ఏదో పాడై ఉంటుంది. దీన్ని చంపేసి మళ్ళీ మొదలుపెడతాను. చచ్చినవాళ్ళ పేర్లు రాసే ప్రోగ్రాం నా ఆఫీసులో వద్దు," అని కుర్చీ లాక్కుని కీబోర్డు మీద చేతులు పెట్టాడు.

హెల్లెవి అతని మణికట్టు పట్టుకుంది. పక్కవాళ్ళ భుజం మీద కూడా చెయ్యి వెయ్యని మనిషి.

"సైమాని వదిలెయ్. అడుగున చూడు," అంది.

అందరం సైమా పేరు దగ్గరే ఆగిపోయాం. అన్నిటికంటే కింద ఇంకొక వాక్యం ఉంది. సగమే ఉంది.

విన్నాను. బటన్ నొక్కినవారు

అంతే. పేరు లేదు, చుక్క లేదు. ఎవరో నోరు తెరిచి, చెప్పబోతుండగా గొంతు నొక్కేసినట్టు తెగిపోయింది.

"ప్రోగ్రాంకి మాట మధ్యలో ఆగడం తెలియదు. మిగతాది దాని నోట్లో ఉంది," అంది హెల్లెవి.

తర్వాత ఆవిడ మాకు చెప్పింది మెల్లగానే, కానీ చేతులు ఆగకుండా కీబోర్డు మీద ఆడుతూనే ఉన్నాయి. నాకు అర్థమైనంత చెబుతాను. ప్రోగ్రాం తెర మీద మాట్లాడేటప్పుడు మాట మాటకీ బయటపెడుతుంది. ఫైల్లోకి మాట్లాడమంటే అలా చెయ్యదు. ప్రతి మాటకీ డిస్కు దాకా వెళ్ళిరావడం దండగని, ఒక రెండు పేజీలంత పోగయ్యేదాకా నోట్లోనే పెట్టుకుంటుంది. నిండిన క్షణాన ఒక్కసారిగా కక్కుతుంది, వాక్యం సగంలో ఉన్నా సరే. ఒడ్డున పిలిచేవాళ్ళు తక్కువ కాబట్టి వసంతం నుంచి అది నిండలేదు. ఆ పొద్దునే నిండింది. ఆపద మాటల దారికి మాత్రం ఈ ఆలస్యం లేదు, అక్కడ వేసినది వేసినట్టు బయటపడుతుంది. ఆవిడ ఆ దారి వాడలేదు.

కాబట్టి సైమా పిలుపులు ఆగస్టువే. ఆ సగం వాక్యం మాత్రం ఆ పొద్దుటిది.

ఒడ్డున ఎవరో ఇప్పుడు పిలుస్తున్నారు. పేరు దాని నోట్లో ఉంది. నా జేబులో ఫోను ఒడ్డు దారిలో సిగ్నల్ వెతికి వెతికి ఎప్పుడో ఆరిపోయింది.

"ఇందాక నేను చంపేసి ఉంటే?" అన్నాడు ఇల్పో.

"నోట్లో ఉన్నది నోట్లోనే పోయేది."

ప్రోగ్రాం నడుస్తుండగానే పక్కనుంచి దాని లోపలికి చెయ్యి పెట్టి, పట్టుకున్నదంతా బయటపెట్టమని చెప్పే పనిముట్టు ఒకటి ఉంటుందట. హెల్లెవి దాన్ని తెరిచింది. ఆవిడ వేళ్ళు ఒకసారి తప్పు అక్షరం కొట్టాయి, తుడిచి మళ్ళీ కొట్టింది. ఇల్పో ఆవిడ వెనకాల నిలబడి, పొగమంచులో బయట ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు కిటికీ వైపు చూస్తున్నాడు. నేను తాళంచెవుల పలక దగ్గర నిలబడ్డాను. ఏ తాళంచెవి తీసుకోవాలో తెలియదు. ఒక్కో కొక్కేనికీ ఒక్కో ముఖం కనిపించింది. ఈ ముఖాల్లో ఒకరు నేల మీద పడి ఉన్నారు, ఎవరో తెలియదు. అంత భయం నేను శవాల దగ్గర కూడా పడలేదు.

హెల్లెవి చివరి కీ నొక్కింది. తెగిపోయిన చోట నుంచి వాక్యం ముందుకి సాగింది.

ఆర్మస్ పెల్కోనెన్.
నర్సుకి చెప్పబోయాను. ఫోను అందలేదు.
ఇక్కడికి నేను రాకూడదు. వచ్చాను.

మేం చూస్తుండగా, నోట్లో ఉన్నది బయటపెట్టమని ఆవిడ దాన్ని మళ్ళీ అడిగింది. ఇంకో వాక్యం వచ్చింది. విన్నాను. బటన్ నొక్కినవారు ఆర్మస్ పెల్కోనెన్.

"ఇంకా నొక్కుతున్నాడు. వెళ్ళు ఐలీ," అంది హెల్లెవి.

ఇల్పో అంబులెన్సుకి ఫోన్ చేస్తుండగా నేను కారెక్కాను. ఆర్మస్ ఇల్లు ఒడ్డు దారి చివర, రెల్లు దుబ్బుల వెనక ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకే టోపీ పెట్టుకునే పాత జాలరి. నేను పోయినసారి వెళ్ళినప్పుడు ఎండబెట్టిన చేప ముక్క కాగితంలో చుట్టి, పిల్లలకి పెట్టమని నా బ్యాగులో తోశాడు. మంచులో రోడ్డు అంచు కనబడక రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. సైమా ఇంటి ముందు నుంచే వెళ్ళాలి. ఆ పొద్దున మాత్రం అటు చూశాను.

ఆర్మస్ ఇంట్లో లేడు. పొయ్యి చల్లగా ఉంది. పేరు పెట్టి పిలుస్తూ పెరట్లోకి వెళ్ళాను. మంచు నా గొంతుని కూడా మింగేసింది. ఆవిరిస్నానం చేసే సౌనా గది తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. లోపల చెదిరిన కట్టెల మధ్య, నేల మీద, కాలు వంకరగా మడుచుకుపోయి ఉన్నాడు. పెదవులు నీలం రంగులో ఉన్నాయి. వేలు ఇంకా బటన్ మీదే ఉంది, దానంతటదే కదిలినట్టు నొక్కుతూనే ఉంది.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "పిలిచి చాలాసేపైంది అమ్మాయ్. నువ్వు కాఫీ తాగి వస్తావేమోలే అనుకున్నా," అన్నాడు.

నేను నా కోటు, గోడకున్న తువ్వాళ్ళు అన్నీ అతని మీద కప్పి, అతని చేతులు నా చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. అంబులెన్సు వాళ్ళు వచ్చేదాకా మాట్లాడిస్తూనే ఉన్నాను. తుంటి విరిగింది, ఒళ్ళు బాగా చల్లబడింది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమని ఆసుపత్రిలో అన్నారు. బతికాడు. పళ్ళసెట్టు లేకుండా ఫోటో తీశారని అక్కడి నర్సుతో తగువు కూడా పెట్టుకున్నాడు.

నేను తిరిగి ఆఫీసుకి వచ్చేసరికి మంచు విడిపోయింది. ఇల్పో నేల తుడుస్తున్నాడు. హెల్లెవి ఒంటి బూటు బురద గుర్తులవి. ఆవిడకి అవి కనబడకూడదని కాబోలు, ఏమీ అనకుండా తుడిచి, ఆవిడ పక్కన కొత్త కాఫీ పెట్టి వెళ్ళాడు. ఆ పూటంతా ఇల్పో ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

హెల్లెవి అప్పటికి రెండు పనులు చేసింది. ఆఫీసు మారినప్పుడు తను ప్రోగ్రాంలో చేసిన మార్పులో, అందేదాకా మోగించే భాగం ఊడిపోయిందని, అది లేకే ప్రోగ్రాం రాకూడని మూలకి చేరుతోందని కనిపెట్టి, తిరిగి పెట్టింది. అందలేదన్న వాక్యాన్ని ఎర్రటి దారిలోకి మళ్ళించింది. ఇకమీదట అది అరుస్తుంది.

ఆవిడ నాకు కుర్చీ చూపించింది. ఫైలు ఇంకా తెరిచే ఉంది.

"ఆర్మస్ పిలుపుతో అది నిండింది. కానీ ఒక్క పిలుపుతో నిండదు కదా. అంతకుముందు సైమా నొక్కిన మాటలు అందులో ఉండబట్టి నిండింది. ఆవిడ ఒక్కసారి నొక్కి ఊరుకుని ఉంటే, ఈ పొద్దున నా ఫైలు ఖాళీగానే ఉండేది. నేను స్తోత్రం చెప్పి కాఫీ తాగేదాన్ని," అంది.

చచ్చిపోయిన మనిషి వారాల తరబడి ఆ చీకట్లో కూర్చుని, ఇంకొకరి కోసం చోటు నింపుతూ ఉందనుకుంటే భయం వేసింది. అందులోనే ఏదో దయ కూడా ఉన్నట్టు తోచింది. దేవుడు అలా చేస్తాడా, చెయ్యడా అన్నది పాదిరిగారిని అడగాలి. నేను అడగలేదు. ఇప్పటికీ ఒడ్డు దారిలో సైమా కిటికీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు కారు నెమ్మది చేస్తాను.

హెల్లెవి సైమా పేరున్న వాక్యాలని ఒక కాగితం మీద ముద్రించింది. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని, చాలాసేపు గుండీలు పెట్టుకుంటూ నిలబడింది.

"ఇర్యా నన్ను అడిగింది. పిలవలేదని నేనే చెప్పాను. నా నోటితో చెప్పాను కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలి."

ఈ రోజే వెళ్ళాలా అని అడిగాను. ఇర్యా ఆ ఒక్క మాట పట్టుకునే నిద్రపోతోందని, ఆ సంగతి ఊరందరికీ తెలుసని అన్నాను.

"తెలుసు. ఈ రోజే వెళ్ళాలి," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఐలీ, నాకో సాయం చెయ్యి. నాతో రా. చెప్పేదంతా నేనే చెబుతాను, నువ్వు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చో. నా చెయ్యి ఆవిడ పట్టుకోనివ్వకపోవచ్చు."